బ్రేక్ ఆయిల్‌కి తేదీ ఉంటుంది

2024 ఆగస్టు 18, ఆదివారం. విశాఖపట్నం

వచ్చే నెలకి మా శాంత్రోకి పదిహేనేళ్ళు నిండుతాయి. సొంత కార్లకి ఆర్.సి. పదిహేనేళ్ళే చెల్లుతుంది. తర్వాత బండి తీసుకెళ్ళి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, అయిదేళ్ళకి పొడిగించుకోవాలి. అమ్మేసి కొత్తది కొనుక్కోమని పిల్లలు ఫోన్లో చెబుతూనే ఉన్నారు. ఇంజను నిమ్మళంగా ఉంది, బాడీకి తుప్పు పెద్దగా పట్టలేదు. సముద్రం పక్క ఊళ్ళో పదిహేనేళ్ళు నిలబడిన బండి. ఉంచుకుందామనే మేమిద్దరం అనుకున్నాం. ఉంచుకుంటే మాత్రం దాని బ్రేకుల సంగతి మనమే చూసుకోవాలి.

సాయంత్రం బానెట్ ఎత్తాను. డ్రైవరు వైపు, ఇంజను వెనక రేకుకి దగ్గరగా బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంటుంది. ఒకప్పుడు తెల్లటి ప్లాస్టిక్, ఇప్పుడు పసుపుకి తిరిగింది. మిన్, మ్యాక్స్ గీతలు బయటికి ఉన్నాయిగానీ లోపల ఆయిల్ ఎంతవరకుందో కనబడదు. ఫోన్ టార్చి డబ్బా వెనక పెడితే మట్టం నీడలా తెలిసింది. రెండు గీతల మధ్యే ఉంది, కింది గీతకి కొంచెం దగ్గరగా. మూత తీయలేదు. మట్టం చూడ్డానికి మూత తీయనక్కర్లేదు. తీసిన ప్రతిసారీ ఈ ఊరి ఉక్కగాలి లోపలికి వెళుతుంది.

ఆగస్టు 20

బళ్ళో పాస్కల్ నియమం చెప్పినన్నాళ్ళూ నా ఉదాహరణ కారు బ్రేకే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెంచితే అది తగ్గకుండా అన్ని వైపులకీ అందుతుంది. పెడల్ వైపు మాస్టర్ సిలిండర్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, చక్రం దగ్గర క్యాలిపర్ పిస్టన్ వ్యాసం 50 మిల్లీమీటర్లు అనుకుంటే, వైశాల్యాల లెక్కన బలం ఆరు రెట్లకి పైగా పెరుగుతుంది. పెడల్ కడ్డీ ఇచ్చే లాభం వేరు, బూస్టర్ సాయం వేరు. ఇంత బరువున్న బండి అరికాలి ఒత్తిడికి ఆగుతోందంటే ఈ లెక్క వల్లే.

1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టారు. అంతకుముందు కడ్డీలూ తీగలే. ఒక చక్రం ముందు పట్టడం, ఇంకోటి తర్వాత పట్టడం, బండి పక్కకి లాగడం ఉండేవి. ద్రవం వచ్చాక ఆ తేడాలు పోయాయి. ఆ ఏర్పాటంతా ఆధారపడేది ద్రవం నలగదు, కుంచించుకుపోదు అన్న ఒక్క గుణం మీద. లోపల కాస్త గాలో ఆవిరో చేరితే ఆ గుణం పోతుంది. పెడల్ మీద పెట్టిన బలం బుడగని నొక్కడానికే సరిపోతుంది, చక్రందాకా వెళ్ళదు.

ఆగస్టు 25, ఆదివారం

కంచరపాలెంలో షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్ మా బళ్ళో చదివినవాడే. ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

బానెట్ ఎత్తగానే అక్కడ పనిచేసే కుర్రాడు ఆయిల్ సీసా పట్టుకొచ్చాడు, తగ్గింది కదా పోసేద్దామని. "ఆగరా. ముందు చక్రం ఇప్పి ప్యాడ్లు చూడు" అన్నాడు మెకానిక్. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం వచ్చింది.

ఈ డబ్బాలో ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా ఖర్చయ్యేది కాదు. మట్టం తగ్గిందంటే రెండే కారణాలు. ఒకటి, ముందు చక్రాల ప్యాడ్లు అరిగి ఉంటాయి. ప్యాడ్ పలచబడేకొద్దీ పిస్టన్ ఇంకాస్త బయటికి జరుగుతుంది, దాని వెనక ఖాళీ అయిన చోటుని నింపడానికి డబ్బాలోంచి ఆయిల్ దిగుతుంది. ఇది మెల్లగా, నెలల తరబడి జరిగేది. రెండోది, ఎక్కడో కారుతూ ఉంటుంది. ఇది ప్రమాదం. ఏ కారణమో చూడకుండా పైనుంచి పోసేస్తే, కనబడుతున్న ఒక్క ఆనవాలూ చెరిగిపోతుంది. పైగా రేపు కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ని వెనక్కి నెట్టాలి. అప్పుడు ఆ ఆయిలంతా డబ్బాలోకి తిరిగొచ్చి, పొంగి, రేకు మీద పడుతుంది. పడినచోట పెయింటు ఊడిపోతుంది.

మా బండికి ప్యాడ్లు సగానికి పైగా అరిగాయి. కారడం ఎక్కడా లేదు. వెనక డ్రమ్ములు ఊడదీసి వీల్ సిలిండర్ల రబ్బరు మూతల్ని వేలితో పైకెత్తి చూపించాడు. లోపల పొడిగా ఉంది.

"మాస్టారూ, ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది?"

సర్వీసు పుస్తకంలో చూశాను. రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో బండి బజారుకీ, గుడికీ, రైల్వే స్టేషనుకీ తప్ప దూరం వెళ్ళింది తక్కువ. అయినా మార్చాల్సిందే అన్నాడు. నేనూ అదే అన్నాను.

సెప్టెంబరు 1

వాన. బయటికి వెళ్ళే పని లేదు. కారు పుస్తకం ముందేసుకుని, మార్చమని ఎందుకన్నానో ఇక్కడ రాసి పెడుతున్నాను.

మన కార్లలో పోసే బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతి ద్రవం. నీటిని పీల్చుకోవడం దాని స్వభావం. డబ్బా మూతలో గాలి ఆడే సన్నటి దారి ఉంటుంది, అక్కణ్ణుంచి తేమ వెళుతుంది. చక్రాల దగ్గర రబ్బరు హోసుల గోడల గుండా కూడా కొద్దికొద్దిగా చొరబడుతుంది. బండి పరుగెత్తుతున్నా, కవరు కప్పి షెడ్డులో పెట్టినా ఈ పని ఆగదు. అందుకే దీని వయసుని మీటర్లో కిలోమీటర్లతో కొలవకూడదు, క్యాలెండర్‌తో కొలవాలి. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. ఏడాది పొడుగునా ఉక్కపోసే కోస్తా ఊళ్ళలో ఆ గడువు దాటనివ్వకూడదని నా అభిప్రాయం.

నీరు చేరితే ఏమవుతుందో అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. డాట్ అనేది అమెరికా రవాణా శాఖ పెట్టిన ప్రమాణం. దాని ప్రకారం డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, నీరు చేరాక 155. డాట్ 5.1కి 260, నీరు చేరాక 180. వంద పాళ్ళలో నాలుగు పాళ్ళు కూడా లేని నీరు అరవై అయిదు నుంచి ఎనభై డిగ్రీల బలాన్ని తినేస్తోంది. మైదానంలో, ఊళ్ళో తిరిగినంతకాలం ఆ తేడా మన కాలికి తెలియదు. వేడెక్కిన రోజున మాత్రం ఒక్కసారే తెలుస్తుంది.

ఇంకో నష్టం కంటికి కనబడదు. నీరు చేరిన ద్రవంలో తుప్పుని ఆపే మందులు క్రమంగా నీరసించిపోతాయి. సిలిండర్ లోపలి నున్నటి గోడ మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. రబ్బరు సీలు ఆ గుంటల మీద నడిచి నడిచి చీలుతుంది. పాత కార్లలో మాస్టర్ సిలిండర్ పోయిందని వేలు పోసి మార్చే సందర్భాల్లో కొన్నిటికి మూలం ఇదే.

సెప్టెంబరు 4

ఆయిల్ కొన్నాను. మా పుస్తకం డాట్ 3 గాని డాట్ 4 గాని పోయమంటుంది. డాట్ 4 తీసుకున్నాను. అర లీటరు సీసాలు రెండు, సీలు ఉన్నవి. కొట్టులో లీటరు డబ్బా విప్పి ఉంది, అందులోంచి కొలిచి ఇస్తానన్నాడు కొట్టతను. వద్దన్నాను. మూత తీసిన డబ్బా ఎన్నాళ్ళుగా గాలి తాగుతోందో ఎవరు చెప్పగలరు?

డాట్ 3, 4, 5.1 మూడూ ఒక జాతివే, కలిసినా ముప్పు లేదు. డాట్ 5 అని ఒట్టి అంకె ఉంటే అది సిలికాన్ ద్రవం. దాన్ని వీటితో కలపకూడదు. పవర్ స్టీరింగ్ ఆయిలో, ఇంజన్ ఆయిలో ఒక్క చుక్క కూడా ఈ డబ్బాలో పడకూడదు. రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. అప్పుడు సిలిండర్లూ హోసులూ మొత్తం మార్చడం తప్ప వేరే దారి ఉండదు.

సెప్టెంబరు 9

చవితి వెళ్ళినా వాన వదల్లేదు. "తుంపర్లో మూత తియ్యొద్దు మాస్టారూ, ఎండ కాసిన రోజు చేద్దాం" అని మెకానిక్ ఫోన్ చేశాడు.

సెప్టెంబరు 22, ఆదివారం

పని అయింది. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి దగ్గరుండి చూశాను.

పాత ఆయిల్‌ని బయటికి వదిలే బ్లీడర్ నిపుళ్ళకి, నాలుగు చక్రాలకీ, మెకానిక్ ముందురోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టించాడు. పాత బళ్ళలో వెనక నిపుల్ బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతంగా తిప్పితే విరుగుతుంది, విరిగితే వీల్ సిలిండర్ మార్చాలి. రాత్రంతా నానబెట్టినందుకు రింగు స్పానర్ కిర్రుమని కదిలింది.

కూర్చుని పెడల్ తొక్కబోతున్న కుర్రాణ్ణి లేపి, పెడల్ కింద నేల మీద చిన్న చెక్కముక్క పెట్టాడు. ఎందుకని అడిగితే చూపించాడు. రోజూ మనం తొక్కేది పైన సగం దూరమే. మాస్టర్ సిలిండర్లో సీలు అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. కింద సగంలో ఏళ్ళ తరబడి మడ్డీ, తుప్పూ పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ని నేలకి ఆనేలా తొక్కితే, సీలు ఆ గరుకు మీదికి వెళ్ళి చిరుగుతుంది. బాగున్న బ్రేకులు మర్నాటికి పాడవుతాయి. చెక్కముక్క ఉంటే పెడల్ అంతదూరం వెళ్ళదు. ఇన్నేళ్ళలో నేను చూసిన షెడ్లలో ఈ జాగ్రత్త తీసుకున్నవాడు ఇతనొక్కడే.

ముందు డబ్బాలో పాత ఆయిల్‌ని సిరంజితో లాగేసి, అడుగున పట్టిన నల్లటి మడ్డిని నూలు పీచు రాలని గుడ్డతో తుడిచి, కొత్తది పోశాడు. తర్వాత చక్రాలు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలెట్టాడు, తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, చివరికి కుడి ముందు. కొన్ని కార్ల పుస్తకాల్లో వరస వేరుగా ఉంటుంది, అలాంటప్పుడు పుస్తకం ప్రకారమే పోవాలి. నిపుల్‌కి పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో ఉన్న ఆయిల్‌లో ముంచి పెట్టాడు.

"కొట్టు... కొట్టు... పట్టు."

కుర్రాడు పెడల్ పట్టుకోగానే ఇతను నిపుల్‌ని పావు తిప్పు వదులు చేశాడు. గొట్టంలోకి పాత ఆయిల్ వచ్చింది, చిక్కటి డికాక్షన్ రంగులో. మధ్యలో నల్లటి పొడిలాంటిది తేలుతూ వచ్చింది. నిపుల్ బిగించాకే "వదులు" అన్నాడు. బిగించకముందు పెడల్ వదిలితే గాలిని లోపలికి లాగేసుకుంటుంది. ఇదే మళ్ళీ, మళ్ళీ. కాసేపటికి గొట్టంలో రంగు పలచబడింది, ఒక్కచోట గోధుమరంగూ లేత పసుపూ గీసినట్టు వేరుగా కనబడ్డాయి, ఆ గీత జరుగుతూ జరుగుతూ సీసాలోకి దిగిపోయింది. ఆ తర్వాత వచ్చిందంతా కొత్తదే. ప్రతి చక్రానికీ మధ్యలో లేచి డబ్బాలో మట్టం చూసుకుంటూనే ఉన్నాడు. అది ఎండిపోయి మాస్టర్ సిలిండర్లోకి గాలి వెళ్ళిందంటే పనంతా మొదటికొస్తుంది.

ఇదంతా మొదలెట్టకముందే ముందు చక్రాల హోసుల్ని వంచి చూస్తే సన్నటి పగుళ్ళు కనబడ్డాయి. రెండూ మార్పించాను. పాత హోసు లోపల ఉబ్బి, ఆయిల్‌ని చక్రంలోకి పోనిచ్చి వెనక్కి రానివ్వకుండా అడ్డుపడుతుంది. అప్పుడు పెడల్ వదిలినా బ్రేకు పట్టేసి, చక్రం వేడెక్కిపోతుంది. అప్పుడే ప్యాడ్లూ కొత్తవి వేయించాను. ఫెండర్ మీద రెండు చుక్కలు పడితే వెంటనే మగ్గుతో నీళ్ళు పోసి కడిగేశాడు. ఆరబెట్టి తుడుద్దాంలే అనుకుంటే రంగు పోతుంది.

మిగిలిన పావు సీసాని ఇంటికి తెచ్చుకోలేదు. వచ్చేసారికి అది పనికిరాదు.

సెప్టెంబరు 27

ఆర్.సి. రెన్యువల్‌కి బండి చూపించాను. నడిపించారు, బ్రేకు వేయించారు, లైట్లు చూశారు. బాగుందన్నారు. చదునైన నేల మీద ఒకసారి వేసిన బ్రేకు ఆయిల్‌ని వేడెక్కించదు. డబ్బాలో ఎప్పటి ఆయిల్ ఉందో ఆ పరీక్షలో బయటపడదు. అది చూసుకోవాల్సింది యజమానే.

అక్టోబరు 12, విజయదశమి

బండి కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టింది మా ఆవిడ. తర్వాత నేను బానెట్ ఎత్తి, డబ్బా పక్కన రేకు మీద చిన్న కాగితం అంటించాను: "డాట్ 4. 22-9-2024. మళ్ళీ 9-2026." రేపు ఈ బండి ఎవరి చేతికి వెళ్ళినా పుస్తకం వెతుక్కోనక్కర్లేదు.

నవంబరు 24, ఆదివారం. అరకు నుంచి వచ్చాక

వలిసెపూల కాలం కదా, మనవరాలు చూస్తానంటే నిన్న అరకు వెళ్ళి ఇవాళ దిగాం. అనంతగిరిలో కాఫీ తాగి బయల్దేరాం. తైడా దగ్గర వంపులో ఒక పాత జీపు పక్కకి ఆగి ఉంది. బండి దిగకముందే బ్రేకులు కాలిన వాసన. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. లోపల ఆడవాళ్ళూ పిల్లలూ బిక్కుబిక్కుమంటున్నారు. డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు, నీళ్ళ సీసా పట్టుకుని చక్రం మీద పోయబోతున్నాడు.

"పొయ్యకు బాబూ. వేడి డిస్కు వంకరపోతుంది" అన్నాను.

"పెడలు కిందకి ఎలిపోతంది సార్. రెండుసార్లు కొడితేగానీ పట్టట్లేదు."

ఏ గేరులో దిగుతున్నావంటే టాప్‌లోనే వచ్చానన్నాడు. కొండ పొడుగునా బ్రేకు మీద కాలు పెట్టే ఉంచాడు. చక్రాల దగ్గర ఆయిల్ మరిగి ఆవిరయింది. పెడల్ ఆ ఆవిరినే నొక్కుతోంది.

అరగంటకి పైగా అక్కడే కూర్చున్నాం. చల్లారాక తొక్కి చూశాడు. పెడల్ గట్టిగా ఉంది. "బాగయిపోనాది సార్!" అని నవ్వాడు. నాకు భయం వేసింది అప్పుడే. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమైపోతుంది, పెడల్ మామూలుగా పైకొస్తుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. కారణం మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఇలా తప్పించుకున్నవాళ్ళు ఆయిల్ మార్పించకుండా మళ్ళీ కొండెక్కుతారు. రెండో గేరులో, అవసరమైతే ఒకటో గేరులో దిగమనీ, కొండ కింద ఎస్.కోటలో ముందు ఆయిల్ మార్పించమనీ చెప్పాను. ఎస్.కోటదాకా మా బండి వెనకే నెమ్మదిగా తీసుకొచ్చాడు. తర్వాత షెడ్డు వైపు తిరిగాడు.

నవంబరు 25

రాత్రి ఆ జీపే కళ్ళముందు తిరిగింది. పొద్దున్న కాగితం మీద లెక్క వేశాను. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. ఎస్.కోట దగ్గరికి వచ్చేసరికి 800 మీటర్ల పైచిలుకు దిగుతాం. మనుషులతో, సామానుతో కలిపి మా శాంత్రో 1,150 కిలోలు అనుకుంటే, ఆ ఎత్తు దిగడంలో వదిలించుకోవాల్సిన శక్తి 90 లక్షల జౌళ్ళు. ముప్పై లీటర్ల నీళ్ళని కాచి తెర్లించడానికి అది చాలు. గాలి కొంత తీసుకుంటుంది, గేరులో ఉంటే ఇంజను చాలా తీసుకుంటుంది. టాప్ గేరులో దిగితే దాదాపు అంతా డిస్కులూ డ్రమ్ములే మోయాలి. ఆ వేడిలో కొంత వాటి పక్కనే ఉన్న ఆయిల్‌కి తగులుతుంది.

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఈ లెక్కకి సరిగ్గా సరిపోతుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్లో, ఇంజను ఆపి దిగేవాళ్ళని కూడా చూశాను. ఇంజను ఆగితే పెడల్‌కి సాయం చేసే బూస్టర్‌కి వాక్యూమ్ అందదు. రెండు మూడు తొక్కులకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఘాట్‌లో ఆ పని ఎవరూ చేయకూడదు.

2025 జనవరి 19, ఆదివారం

పండక్కి వచ్చిన పిల్లలు వెళ్ళిపోయారు. కింది ఫ్లాట్ ఆయన పైకి వచ్చారు. ఆయన కారు మా దానికంటే పాతది, ఎప్పుడూ కవరు కింద ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం అప్పుడప్పుడు వెలుగుతోందట, మలుపు తిప్పినప్పుడు మరీనూ. "హ్యాండ్‌బ్రేక్ స్విచ్ పాడైనట్టుందండీ, వైరు పీకేయించమంటారా?" అని అడిగారు.

పీకించవద్దని బతిమాలాను. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్‌కీ, ఆయిల్ మట్టానికీ ఒకటే దీపం. హ్యాండ్‌బ్రేక్ దించాక కూడా వెలిగితే ముందు డబ్బా చూడాలి. మట్టం హద్దు దగ్గర ఉన్నప్పుడు మలుపుల్లో ఆయిల్ పక్కకి ఒరిగి దీపం వెలిగి ఆరుతుంది.

కిందికి దిగి చూశాం. డబ్బాలో మట్టం మిన్ గీత కిందకి పోయింది. కుడి వెనక టైరు లోపలివైపు తడిగా, దుమ్ము అంటుకుని మెరుస్తోంది. వీల్ సిలిండర్ కారుతోంది, బ్రేక్ షూలు కూడా తడిసే ఉంటాయి. బండి కదపవద్దని చెప్పి మెకానిక్‌ని ఇక్కడికే పిలిపించాను. రెండు వీల్ సిలిండర్లూ, షూలూ మార్చి, ఆయిల్ పూర్తిగా మార్చాడు. లోపల్నుంచి వచ్చింది నల్లగా ఉంది. సిలిండర్ గోడకి గుంటలు పడి ఉన్నాయి.

"కారు బయటికి తీసిందే లేదు కదండీ, ఎలా పాడైంది?" అన్నారాయన. కూర్చోబెట్టి తేమ సంగతంతా చెప్పాను. ఆయన కారు కాగితాల్లో ఎంత వెతికినా ఆయిల్ మార్చిన తేదీ ఒక్కటీ దొరకలేదు.

పాత కారున్న ప్రతి ఇంటివాళ్ళనీ అడిగేది ఒకటే. సర్వీసు పుస్తకం తీసి బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ చూడండి. రెండేళ్ళు దాటినా, తేదీ అసలు దొరక్కపోయినా, ఈ వారమే షెడ్డుకి తీసుకెళ్ళి మార్పించండి. అర లీటరు సీసా రెండు మూడు వందల రూపాయల్లో వస్తుంది. సీలు మీ ఎదురుగానే తీయించండి.